లోథార్ అన్న మాట

డోర్న్‌బాఖ్, గ్రాట్స్ దగ్గర
9 అక్టోబర్ 1864

తమ్ముడూ ఎగాన్,

ముందు కూర్చో. కూర్చున్నాకే చదువు. నాకు పెళ్ళి కుదిరింది.

ముప్పై ఆరేళ్ళ అక్కకు పెళ్ళేమిటని మీ మెస్సులో వాళ్ళు నవ్వితే నవ్వనీ, నువ్వు మాత్రం నవ్వకు. వరుడు మన పక్క ఎస్టేటు కర్నల్ కెట్నర్‌గారే. ఆయన భార్య అవురేలియా పోయి ఏడాదిన్నర అయింది కదా. మూడేళ్ళు మంచం దిగని ఆవిడకు సేవ చేసింది నేనే. ఆ ఇంట్లో ఏ గదికి ఏ తాళమో నాకు తెలుసు. ఆయనకు అది చాలట. "కొత్త మనిషికి మళ్ళీ అన్నీ నేర్పే ఓపిక నాకు లేదు, వాల్‌బుర్గా" అన్నారు. ప్రేమ మాటలు ఆయనకు అంతకన్నా రావు.

మన వంటామె రేజీకి చెవుడు బాగా ముదిరింది. పెళ్ళి అని చెవిలో అరిస్తే పళ్ళు అనుకుని బుట్టెడు ఆపిల్ పళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నవ్వీ నవ్వీ ఏడ్చాను.

ముహూర్తం ఈస్టర్ పండగ తర్వాత. నాన్న లేరు కాబట్టి నా చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాల్సింది నువ్వే. ఇప్పటినుంచే సెలవు అడిగి పెట్టుకో. నీకు తల్లీ తండ్రీ అయినదాన్ని, ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది.

నీ అక్క
వాల్‌బుర్గా


వెరోనా
21 అక్టోబర్ 1864

అక్కా,

కూర్చునే చదివాను. చదివి లేచి గంతులేశాను. కింది గదిలో ఉండే డాక్టరు కర్రతో కప్పు మీద పొడిచాడు. కెట్నర్‌గారు కొంచెం బిగదీసుకున్న మనిషే గానీ, నిన్ను బాగా చూసుకుంటారు. ఇకనుంచి ఆయన్ని బావగారూ అనాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ఇక్కడ ఏముంది! మేం కాఫీ హోటల్లోకి వెళితే, తమ ఊరిని ఏలుతున్న పరాయి సైన్యమని ఇటాలియన్లు లేచి బయటికి వెళ్ళిపోతారు. ఒక ముసలాయన మాత్రం లేవడు. దేశభక్తి లేక కాదు, కీళ్ళనొప్పులట. మమ్మల్ని చూసి కళ్ళు మూసుకుంటాడు.

మొన్న భోజనాల దగ్గర చిన్న గొడవ జరిగింది. లోథార్ స్పెర్ల్ అని మా పక్క కంపెనీ కెప్టెన్ నా చెవిలో ఒక మాట అన్నాడు. గ్లాసులో వైన్ అతని మొహాన కొట్టాను. అతను అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. దెబ్బ తిన్నది నేను కాబట్టి ద్వంద్వయుద్ధానికి పిలవాల్సింది నేను. విన్యాసాలు ముగిశాక, వచ్చే నెల మధ్యలో పిస్తోళ్ళతో తేల్చుకుంటాం. ఇక్కడ ఇది నెలకొకటి జరిగేదే, కంగారు పడకు.

రేజీకి నా తరఫున ఇంకో బుట్ట ఆపిల్ పళ్ళు ఇవ్వు.

నీ ఎగాన్


డోర్న్‌బాఖ్
27 అక్టోబర్ 1864

ఎగాన్,

కంగారు పడకు అని రాసే చెయ్యి నీకెలా వచ్చిందిరా?

నాన్నని తెచ్చిన రోజు నీకు గుర్తుండదు. నీకు ఎనిమిదేళ్ళు. నిన్ను కోళ్ళ గూటి దగ్గరికి పంపేశాను. పశువుల కొట్టం తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి తెచ్చారు. దవడ లేదు. అమ్మ చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. నేనే గుడ్డ తడిపి తుడిచాను. పదిహేడేళ్ళ దాన్ని. ఆ ద్వంద్వం దేనికో తెలుసా? ఒక వేటకుక్క కోసం. వాళ్ళ కుక్క మన హద్దు దాటి కుందేలును పట్టుకుంది. అంతే. అమ్మ ఆ తర్వాత రెండేళ్ళు కూడా బతకలేదు.

నీ గొడవ దేని గురించి? ఆడదా? గుర్రమా? ఏదైనా సరే నాకు వద్దు. అమ్మ సమాధి మీద ఒట్టు వేసి నాకు రాయి, పిస్తోలు పట్టనని. పట్టావో, ఈ పెళ్ళి రద్దు చేసుకుని కాన్వెంటులో చేరి తలుపు వేసుకుంటాను. లోకం ఏమన్నా అననీ. నిన్ను పెంచింది లోకం కాదు, నేను. నీ పక్కన నేను నిలబడతాను.

వాల్‌బుర్గా


వెరోనా
3 నవంబర్ 1864

అక్కా,

అసలు సంగతి నీకు తెలియాలి కాబట్టి విడమరిచి చెబుతున్నాను. చెంపదెబ్బ తిని ఊరుకున్న ఆఫీసర్ మీద గౌరవ విచారణ జరుగుతుంది. హోదా పోతుంది. కత్తి తీసేసుకుంటారు. ఏ రెజిమెంటులోనూ ఉండనివ్వరు. మన వర్గంలో ఎవరూ ఇంటికి పిలవరు. కెట్నర్‌గారు ముప్పై ఏళ్ళు సైన్యంలో ఉన్నారు, నా మాట నిజమో కాదో ఆయన్నే అడుగు.

లోథార్ ఏమన్నాడో అడక్కు. అది నీకు చెప్పను.

ఇంకా పది రోజులుంది. బాగా ఆలోచించి ఒక్క ముక్క రాయి. నువ్వు వద్దంటే మానేస్తాను. నా పక్కన నిలబడతానన్నావు, నాకు అది చాలు.

ఎగాన్


డోర్న్‌బాఖ్
8 నవంబర్ 1864

వద్దు.

ఒక్క ముక్క అడిగావు, రాశాను. ప్రాణం కన్నా హోదా ఎక్కువా? ఇంటికి వచ్చెయ్. ద్రాక్షతోట చూసుకునే దిక్కు లేదు. కర్నల్‌గారితో ఈ సంగతి చెప్పలేదు. పెళ్ళి పనుల్లో ఉన్న మనిషికి ఇవన్నీ ఎందుకు?

మార్టిన్ పండగకు బాతుని కోస్తున్నాం. నీ వంతు తొడ నేను తినేస్తాను.

అక్క


వెరోనా
2 డిసెంబర్ 1864

అక్కా,

అయిపోయింది. నిన్న విచారణ, హోదా తీసేశారు. తొమ్మిది మంది కూర్చున్నారు. అందులో నలుగురితో నేను ఒకే గదిలో పడుకున్నవాణ్ణి.

మా కర్నల్ అడిగాడు: "చెంపదెబ్బ తిన్నావా లేదా?"

"తిన్నానండి."

"పిలిచావా అతన్ని?"

"లేదండి."

"ఎందుకని?"

"మా అక్కకి మాటిచ్చానండి."

తర్వాత చివర కూర్చున్నవాడెవడో, "పోనీ ఆ అక్కనే పంపకపోయావా? ఆవిడే కాల్చేది కదా!" అన్నాడు. పడీ పడీ నవ్వారు. కర్నల్ కూడా మీసం చాటున నవ్వాడు.

లోథార్ ఏ మాట అన్నాడని అడిగారు. నేను చెప్పలేదు. ఆశ్చర్యం ఏమిటంటే అతనూ చెప్పలేదు. "ఒక ఆడమనిషి పేరు ఉందండీ అందులో, నేను మళ్ళీ అనను" అన్నాడు. దానికి అతన్ని మెచ్చుకున్నారు.

ఆఖరి భోజనానికి వెళితే నా కంచంలో ఉన్ని ఉండ, రెండు అల్లిక సూదులు పెట్టి ఉన్నాయి. అవి పక్కకు జరిపి సూప్ తాగాను. అంతా చూస్తూ కూర్చున్నారు. ఆరేళ్ళుగా నా బూట్లు తుడిచిన ముసలి సిపాయి ఈ ఉదయం నన్ను చూసి సలాం కొట్టకుండా వెళ్ళాడు. వాడు అడ్డం తిరిగి కాదు, ఆ ఆజ్ఞ పైనుంచి వచ్చింది. మూల మలుపు దగ్గర ఆగి ముక్కు చీదుకున్నాడు.

పదిహేనో తారీకున బయలుదేరుతాను. నా గదిలో పొయ్యి వెలిగించి ఉంచమని రేజీకి చెప్పు.

ఎగాన్


డోర్న్‌బాఖ్
9 డిసెంబర్ 1864

ఎగాన్,

ఈ ఉత్తరం నీకు బయలుదేరకముందే అందాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. నువ్వు ఇప్పుడు రావద్దు.

కర్నల్‌గారికి తెలిసిపోయింది. వెరోనా నుంచి ఎవరో ఆయన పాత మిత్రుడు రాశాడట. భోజనం మధ్యలో చెంచా కింద పెట్టి, "చెంప తుడుచుకుని ఊరుకున్నవాడు నా బావమరిదిగా నా గడప తొక్కడు" అన్నారు. పెళ్ళి మాత్రం మాననన్నారు, అది ఆయన మంచితనం. నువ్వు ఈ చుట్టుపక్కల కనిపించకూడదు, అంతే షరతు.

ఆదివారం చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఇరవై ఏళ్ళుగా నా పక్కన కూర్చునే ఆవిడ గౌను కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని అవతలికి వెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత దూరం వస్తుందని నువ్వు ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదు? ఆడదాన్ని, నాకేం తెలుస్తాయి మీ పద్ధతులు?

కర్నల్‌గారు ఇంకో మాట కూడా అన్నారు, ఊరికే ఎవరూ చెయ్యి చేసుకోరని. ఏం చేశావురా నువ్వు? ఏ సిగ్గుమాలిన పని చేస్తే కొట్టాడు?

ఎక్కడైనా చిన్న ఊళ్ళో ఉండు. ఊపిరితిత్తుల జబ్బు, ఇటలీలోనే ఉండమన్నారు అని నాకు ఒక ఉత్తరం రాయి. అందరికీ చూపించడానికి.

వాల్‌బుర్గా


మార్బుర్గ్, రైల్వే స్టేషన్ ఎదుటి సత్రం
17 డిసెంబర్ 1864

అక్కా,

నీ ఉత్తరం అందింది. అయినా బయలుదేరాను, ఎక్కడికి వెళ్ళాలో తెలియక. గ్రాట్స్ దాకా టికెట్ ఉంది. ఇక్కడే దిగిపోయాను. మన ఇల్లు ఇక్కడికి మూడు గంటల ప్రయాణం. సత్రంలో సలాడ్ మీద గుమ్మడిగింజల నూనె పోశారు. ఆ వాసనకి కళ్ళు చెమర్చాయి.

జబ్బు అని రాయను. కానీ నువ్వు అడిగావు కాబట్టి, నేనేం సిగ్గుమాలిన పని చేశానో చెబుతాను.

ఆ రోజు మెస్సులో నీ పెళ్ళి కబురు అందరికీ చెప్పి వైన్ పోయించాను. లోథార్ తాగి ఉన్నాడు. నా చెవి దగ్గరకు వచ్చి, "మీ అక్కకి మొత్తానికి దొరికిందన్నమాట! మూడేళ్ళు ఆ మంచం పక్కన కాపలా కాసింది రోగిని కాదటగా, రోగి మొగుణ్ణి" అన్నాడు.

అదీ మాట. నీ పేరు తొమ్మిది మంది నోళ్ళలో నానడం ఇష్టం లేక విచారణలో చెప్పలేదు. నీ మనసు కష్టపడుతుందని నీకూ చెప్పలేదు. ఇది కెట్నర్‌గారికి చెప్పు. చెబితే ఆయనే బండి కట్టుకుని మార్బుర్గ్ వచ్చి నన్ను తీసుకెళతారు. నేను ఆయన గౌరవం కోసం కూడా తిన్నాను ఆ దెబ్బ.

వారం రోజులు ఈ సత్రంలోనే ఉంటాను.

ఎగాన్


డోర్న్‌బాఖ్
20 డిసెంబర్ 1864

ఎగాన్,

ఆయనకు చెప్పను. చెబితే ఏమవుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ లోథార్‌ని ఆయన పిలవాలి. ఆయనకు యాభై ఏళ్ళు, చూపు ఆనదు. మొదటి గుండుకే పోతారు. నీ పరువు ఎలాగూ పోయింది, ఇంకా పోయేదేం లేదు. ఆయన్ని కూడా పోగొట్టుకోలేను.

ఇంకొకటి కూడా చెబుతాను. మన మధ్య అబద్ధం ఎందుకు? లోథార్ అన్నది నిజమే.

మొదటి ఏడాది నుంచే. అవురేలియాకు తెలుసు. ఆవిడ మంచం పక్కన ఒక గంట ఉండేది. మేం కింది గదిలో ఉన్నప్పుడు మోగించేది. ఒక్కోసారి నేను పైకి వెళ్ళేదాన్ని కాదు. ఆఖరి రోజు చాలాసేపు మోగింది.

నువ్వు నా కోసం దెబ్బ తిన్నావు. తినమని నేను చెప్పలేదు. అది అబద్ధమనుకుని నువ్వే వైన్ విసిరావు. దయచేసి గ్రాట్స్ వైపు రాకు. ఇక ఉత్తరాలు కూడా వద్దు. ఆయన కవరు మీద చేతిరాత చూస్తారు.

వా.


మార్బుర్గ్
24 డిసెంబర్ 1864

అక్కా,

ఇక్కడి సైనిక కార్యాలయంలో మామూలు సిపాయిగా పేరు రాయించుకున్నాను. చదవడం వచ్చా అని అడిగాడు గుమాస్తా. కొద్దికొద్దిగా వచ్చన్నాను.

నీ పెళ్ళికి ఆశీస్సులు. ఇది ఆఖరు ఉత్తరం. చేతిరాత మార్చి రాశాను, కవరు చూడు.

ఎగాన్


వెరోనా, సైనిక ఆసుపత్రి
19 జూలై 1866

అక్కా,

ఏడాదిన్నర తర్వాత రాస్తున్నాను. ఈసారి చేతిరాత మార్చాల్సిన పని లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతికి బొటనవేలు, దాని పక్క వేలు మాత్రం మిగిలాయి.

కుస్తోట్సా యుద్ధం సంగతి పేపర్లో చూసే ఉంటావు. ఒక పొలంలో ఇటుక గోడ. మా లెఫ్టినెంట్ మొదట్లోనే పడిపోయాడు. పదకొండు మందిమి మిగిలాం. మా వాళ్ళు నన్ను అక్కచాటు తమ్ముడు అని పిలిచేవారు. వెరోనా కథ అన్ని బ్యారక్‌లకీ పాకింది. ఆ రోజు మాత్రం ఆ పదిమందీ, "అక్కచాటోడా, ఇప్పుడేం చేద్దాం?" అని నన్నే అడిగారు. గోడ వదలొద్దన్నాను. మూడు గంటలు వదల్లేదు. సాయంత్రానికి నలుగురం ఉన్నాం.

బంగారు పతకం ఇచ్చారు. నిన్న మా పాత కర్నల్ ఆసుపత్రికి వచ్చాడు. ఇంటిపేరు పెట్టి పిలిచి, "డోర్న్‌బాఖ్, నీ కెప్టెన్ హోదా నీకు తిరిగి ఇప్పిస్తాను. కానీ ఆ పాత లెక్క ఒకటి మిగిలిపోయింది. ఆ లోథార్ స్పెర్ల్‌ని ద్వంద్వానికి పిలు. ఒక్కసారి ఎదురుగా నిలబడు, చాలు" అన్నాడు. నా చెయ్యి చూపించాను. "రెండోది ఉందిగా" అన్నాడు.

అక్కర్లేదన్నాను. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

ఎగాన్


కెట్నర్ గృహం, గ్రాట్స్ దగ్గర
6 ఆగస్టు 1866

తమ్ముడూ,

నీ పతకం సంగతి ముందు పేపర్లో చూశాం. ఊరంతా అడుగుతోంది, ఈ డోర్న్‌బాఖ్ మీ డోర్న్‌బాఖేనా అని. ఆయన ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతున్నారు. "హోదా తీసుకుంటే మనవాడు, తీసుకోకపోతే అదే పేరున్న వేరే సిపాయి" అన్నారు. ఆయన మాట కరుకే, అందులో న్యాయం కూడా ఉంది.

నాకు ఇప్పుడు కొడుకున్నాడు. ఎనిమిది నెలలు. వాడు పెద్దయి సైనిక పాఠశాలలో చేరేనాడు మేనమామ ఎవరని అడగరా? నీ ఒక్కడి కోసం కాదు, వాడి కోసం చెయ్యి. ఒట్టు అడిగింది నేనే కాబట్టి దాన్నుంచి నేనే నిన్ను విడిపిస్తున్నాను. ఇన్నాళ్ళకి ఆ లోథార్‌కి కోపం కూడా ఉండదు. ఇద్దరూ చెరో వైపుకీ కాల్చుకుంటే సరిపోతుందట. ఆయనే చెప్పారు.

వెళ్ళు. నేను ప్రార్థన చేస్తూ ఉంటాను.

నీ అక్క
వాల్‌బుర్గా ఫాన్ కెట్నర్


గొరీత్సియా
22 సెప్టెంబర్ 1866

అక్కా,

నువ్వు వెళ్ళమన్నావు, వెళ్ళాను. నేను మళ్ళీ కెప్టెన్‌ని. కర్నల్ నా రెండు చెంపలూ ముద్దు పెట్టుకున్నాడు. అల్లిక సూదులు పెట్టినవాళ్ళు వరసగా వచ్చి నా ఎడమచెయ్యి ఊపారు. రెజిమెంటు ఇప్పుడు గొరీత్సియాకి మారింది, నాకు మంచి గది ఇచ్చారు. ఇక్కడ ఎండ బాగుంది.

రెండో పేజీలో మిగతాది రాస్తున్నాను.

మొన్న సోమవారం ఉదయం, నది ఒడ్డున గడ్డిమైదానం. లోథార్ నా చెయ్యి చూసి, "ఇదేంటయ్యా, దీంతో ఏం కాలుస్తావ్? కానీలే, తొందరగా కానిచ్చి టిఫిన్‌కి పోదాం" అన్నాడు. మొదటి వంతు అతనిది. కావాలనే చెట్లమీదికి కాల్చాడు. నేనూ పక్కకే కాల్చాలనుకున్నాను. ఎడమచేతికి పిస్తోలు అలవాటు లేదు. ఎక్కడికి గురిపెట్టానో నాకే తెలియదు. కడుపులో తగిలింది.

రెండు రోజులు పట్టింది. రెండో రోజు నన్ను పిలిపించాడు. నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. "ఒరే డోర్న్‌బాఖ్, ఆ రోజు నేను అసలేమన్నాను? ఒక ఆడమనిషి సంగతని గుర్తుంది గానీ, మాట గుర్తు లేదు" అని అడిగాడు. చెప్పాను. "ఛీ, అంత మాటన్నానా! మీ అక్క మొహం కూడా నేను చూళ్ళేదు. ఎవడో రైల్లో అంటే విని, తాగి వాగాను. క్షమించమని రాయి ఆవిడకి" అన్నాడు.

రాస్తానన్నాను. రాశాను. అతను అన్నది నిజమేనని మాత్రం అతనికి చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే, అబద్ధం ఆడలేదన్న తృప్తి అయినా అతనికి మిగిలేది. నీ పేరు కాపాడి, అతన్ని తప్పు చేసినవాడిగా పంపించాను.

ఎగాన్


కెట్నర్ గృహం
28 సెప్టెంబర్ 1866

నా బంగారు తమ్ముడూ,

కెప్టెన్! ఆయన లేచి నిలబడి గ్లాసు ఎత్తారు. "మా బావమరిది" అన్నారు, ముగ్గురు అతిథుల ముందు. నేను వంటింట్లోకి పరిగెత్తి, నాతో ఈ ఇంటికి వచ్చిన రేజీని కౌగిలించుకున్నాను. ఆవిడకు ఏమీ వినపడకపోయినా ఏడ్చింది.

నీ ఉత్తరం మొదటి పేజీ అందరికీ చదివి వినిపించాను. రెండో పేజీ మొదటి రెండు లైన్లు చూసి పొయ్యిలో వేశాను. అలాంటి వివరాలు నా ఒంటికి పడవు, పైగా బాబుకి పాలిస్తున్న తల్లిని. ఆ కెప్టెన్ పోవడం విచారకరమే. అయినా దేవుడు ఎవరి వైపు ఉన్నాడో తేలింది కదా.

అక్టోబర్ పద్నాలుగున ఆయన పుట్టినరోజు విందు. నలభై మంది వస్తున్నారు. చర్చిలో గౌను లాక్కున్న ఆవిడని నీ పక్కనే కూర్చోబెడుతున్నాను, చూడు తమాషా! నీకు ఆ చేత్తో ఇబ్బంది లేకుండా మాంసం ముందే ముక్కలు కోయిస్తాను. ఒకటే మనవి. బల్ల దగ్గర లోథార్ ఊసు ఎత్తకు. బాబు మేనమామని చూడాలని ఎదురుచూస్తున్నాడు.

వేయి ముద్దులతో
వాల్‌బుర్గా


గొరీత్సియా
10 అక్టోబర్ 1866

అక్కా,

నేను రావడం లేదు. నిన్న రాజీనామా ఇచ్చాను. కర్నల్‌కి నాకు పిచ్చి పట్టిందనిపించింది.

నా ఉత్తరంలో నువ్వు కాల్చేసిన పేజీ మళ్ళీ రాయను. దాని తర్వాత జరిగింది మాత్రం చెబుతాను.

లోథార్ భార్య టెరేజా ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది, అతని సామాను తీసుకెళ్ళడానికి. పెద్దదానికి ఆరేళ్ళు. మెస్సులో ఒక్కొక్కరినీ అడిగిందట. "గౌరవానికి సంబంధించిన విషయం అమ్మా" అని అందరూ తల దించుకున్నారు. చివరికి నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. ఏ మాటకి చచ్చిపోయాడు మా ఆయన? అది చెప్పండి చాలు" అంది.

చెప్పాను.

"ఎవరావిడ?" అంది.

నీ పేరు చెప్పాను.

"అబద్ధమా?" అని అడిగింది. "నోరు జారి ఒక ఆడమనిషి మీద అబద్ధం చెప్పాడా మా ఆయన? మా పిల్లలకి నేనేం చెప్పాలి?"

చచ్చిపోతున్న అతనికి చెప్పలేనిది ఆవిడకి చెప్పాను. అబద్ధం కాదమ్మా, నిజమే అన్నాను. ఎలా తెలుసు అంది. మా అక్కే రాసింది అన్నాను. అవురేలియా మోగించిన గంట గురించి కూడా చెప్పాను. అప్పుడు కుర్చీలో కూర్చుంది.

ఆవిడ పుట్టిల్లు గ్రాట్స్. పిల్లలతో ఈ ఉదయం రైలెక్కింది. ఎక్కేముందు, కెట్నర్‌గారి ఇల్లు ఎటు అని అడిగింది. స్టేషన్ నుంచి నది దాటి ఎడమవైపు, పెద్ద ఇనుప గేటు, ఎవరినడిగినా చెబుతారు అన్నాను.

ఎగాన్